ఇంజను వెనక్కి వెళ్ళే చెయ్యి

"మెకానిక్కు గారి మొదటి భార్య పోయిందండి" అన్నాడతను.

నందిగామ బస్టాండులో పలకరించాడు. జగ్గయ్యపేట హైస్కూల్లో నా దగ్గర చదువుకున్నవాడు. తన పిల్లల సంగతులూ, పేట సంగతులూ అన్నీ చెప్పి, బస్సు వచ్చేవేళకి గుర్తొచ్చినట్టు ఆ మాట అన్నాడు. "మీ పక్కింట్లో ఉండేవాళ్ళు కదండీ" అని బస్సెక్కేశాడు.

నేను బల్ల మీద కూచుండిపోయాను. ఊళ్ళు మారాక ఆవిడ కబురు తెలిసి చాలా ఏళ్ళయింది. బాధ కంటే ముందు కోపం వచ్చింది. మెకానిక్కు గారి మొదటి భార్య! మనిషి పోయినా ఆ మాట మాత్రం పోలేదు. ఆ మొగుడూ పెళ్ళాల్లో అసలు మెకానిక్కు ఎవరో పేటలో అందరికీ తెలుసు. ఇతనికీ తెలుసు. తెలిసినా నోరు అటే తిరుగుతుంది.

డెబ్భైల్లో నేను కొత్తగా టీచరుగా చేరినప్పుడు వాళ్ళ షెడ్డు పక్కనే ఒక పోర్షన్ అద్దెకు తీసుకున్నాను. మా వంటింటి వసారాకీ వాళ్ళ షెడ్డుకీ మధ్య ఒక పొట్టి గోడ. ఇటు నిలబడి అటు మనిషితో మాట్లాడొచ్చు. ఆవిడ నన్ను "టీచరుగారూ" అనేది. నేను "వదినా" అనేదాన్ని. ఏ వరసా లేదు. అలా కలిసిపోయింది.

పొడుగ్గా, పలచగా ఉండేది. చేతులైతే మనిషికి మించి పొడుగు. మణికట్టు చిన్నపిల్ల మణికట్టంత సన్నం. గాజులమ్మే అతను వస్తే ఆవిడ చెయ్యి చూసి, పెద్దవాళ్ళ పెట్టె పక్కన పెట్టి, బడిపిల్లల గాజుల పెట్టె విప్పేవాడు. ఆవిడ సిగ్గుపడేది.

షెడ్డుకి జీపులు, వ్యాన్లు, టాక్సీలు, ఆసాముల పాత కార్లు వచ్చేవి. వాటిలో కొన్నిటికి రోగం ఇంజను వెనక ఉంటుంది. ఇంజనుకీ, దాని వెనకాల రేకు గోడకీ మధ్య ఇంత సందు. అందులో వంకర తిరిగిన రబ్బరు గొట్టాలు. ఆయన బానెట్టు ఎత్తి, వంగి, చెయ్యి దూర్చి, దూరక తీసి, కాసేపు బుర్ర గోక్కుని బండివాళ్ళతో అనేవాడు: "ఇది కాస్త టైము పట్టుద్దండి. మీరెళ్ళి హోటల్లో టీ తాగి రండి."

వాళ్ళు వీధి మలుపు తిరగ్గానే షెడ్డు ముందు గోనెపట్టా పరదా దిగేది. "ఏమేవ్!" అని కేక వినపడేది.

పొయ్యి మీద కూర ఉంటే దించి, ఆవిడ వచ్చేది. గాజులు ఒక్కొక్కటే తీసి మా గోడ మీద పెట్టేది. "చూస్తుండండి టీచరుగారూ, పిల్లి తోసేస్తది" అనేది. మొగుడుండగా బోసి చేతులేమిటని ఎవరో అన్నారని, మోచేతి పైన ఒక పసుపుతాడు కట్టుకునేది. చెంప మడ్‌గార్డు రేకుకి ఆనించి, కళ్ళు మూసుకుని, ఆ సందులోకి చెయ్యి పంపేది. మోచెయ్యి దాకా పోయేది. ఆ మొహం చూస్తే ఎవరో చెవిలో ఏదో చెప్తుంటే వింటున్నట్టుండేది. పెదాలు కదిలేవి. ఆయన బీడీ కాలుస్తూ నిలబడేవాడు. కాసేపటికి పాత గొట్టం బయటికొచ్చేది, ఎండిపోయిన పొట్లకాయ ముక్కలాగా. కొత్తది అదే దోవన లోపలికి పోయేది. చిన్న స్క్రూడ్రైవరు రెండువేళ్ళ మధ్య పట్టుకుని, చూడకుండానే క్లిప్పు బిగించేది. అయిపోయాక గాజులు తొడుక్కుని కూర దగ్గరికి పోయేది.

బండివాళ్ళు టీ తాగి వచ్చేసరికి ఆయన కిరసనాయిలు గుడ్డతో చేతులు తుడుచుకుంటూ ఉండేవాడు. "అబ్బ, చంపేసిందండి మీ బండి. చెయ్యి దూరితేనా!" అనేవాడు. వాళ్ళు "నువ్వు కాబట్టి చేశావయ్యా" అనేవాళ్ళు.

ఇటువైపు నేను, అటువైపు ఆవిడ, మధ్యన ఆ గోడ. ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్ళం కాదు. చూసుకుంటే నవ్వొస్తుంది.

ఆ గొట్టాలు ఏంటో నాకు ఆవిడే చెప్పింది. "ఇంజను గాలి పీల్చుకుంటదండి. ఆ పీల్చుడుతోనే కొన్ని కార్లకి అద్దం మీద వైపర్లు కూడా ఆడతాయి. బ్రేకుకి సాయం చేసేది కూడా ఆ పీల్చుడే. గొట్టం చీలిందనుకోండి, దొంగగాలి దూరుద్ది. ఇంక సాయం ఉండదు. ఎంత తొక్కినా రాయిని తొక్కినట్టే."

"అంత ముఖ్యమైనదాన్ని చెయ్యి పట్టని చోట పెట్టారేంటి వదినా?"

"చేసినోడు మళ్ళీ వచ్చి విప్పడు కదండీ" అని నవ్వింది.

మాట్లాడుతూ మాట్లాడుతూ రోడ్డు మీద ఏదైనా కారు పోతే ఆగిపోయేది. "ఎక్కడో పీలుస్తంది" అనేది. నాకు ఏ చప్పుడూ వినపడేది కాదు. రెండ్రోజులకి ఆ కారే షెడ్డు ముందుండేది. ఇన్ని బండ్లు బాగుచేసిన మనిషి ఏనాడూ కారెక్కలేదు. "నాకు పడదండి, డోకొస్తది" అనేది. నందిగామ వెళ్ళాలన్నా బస్సే. అందులోనూ ముందు, డ్రైవరు పక్కన, ఇంజను మూత దగ్గర కూచునేది. దాని చప్పుడు వింటుంటే కడుపులో తిప్పదట.

ఆ పని ఎలా పట్టుబడిందని అడిగితే చెప్పింది. పెళ్ళయిన కొత్తలో ఆయన చేతిలోంచి ఒక నట్టు జారి ఇంజను వెనక పడిందట. బూతులు తిడుతున్నాడట. కాఫీ ఇవ్వడానికి వెళ్ళి, గ్లాసు పక్కన పెట్టి, చెయ్యి పెట్టి తీసిచ్చిందట. "అది తియ్యకుండా ఉంటే కాఫీ ఇచ్చేసి లోపలికొచ్చేదాన్ని. నా పాటికి నేనుండేదాన్ని" అంది.

"చేసేది నువ్వేనని చెప్పొచ్చుగా?"

"ఎవరికండి? ఆడది చెయ్యి పెట్టిన బండి ఎవరెక్కుతారు? బండ్లు రావు."

"కోపం రాదా నీకు?"

"వస్తది. వచ్చిన రోజున ఆయన పప్పులో ఇంకో గుప్పెడు ఉప్పేస్తా."

ఇలా సాగిపోయేదేమో. ఆ కారు రాకుండా ఉంటే.

వేదాద్రి వైపు ఒక ఊళ్ళో ఒక మోతుబరి ఉండేవాడు. ఎవరో జమీందారీ వాళ్ళు అమ్ముకుంటుంటే పాత విదేశీ కారొకటి కొన్నాడు. పడవంత కారు. డ్రైవర్ని పెట్టుకోలేదు, తనే నడిపేవాడు. పొలం గట్టు తగాదా మీద నందిగామ కోర్టుకి తిరుగుతుండేవాడు. ఒకరోజు మధ్యాహ్నం షెడ్డు ముందాపి, "బ్రేకు బిర్రబిగుసుకుపోయిందయ్యా. రేపు పొద్దున వాయిదా ఉంది" అన్నాడు.

మామూలుగానే ఆయన్ని టీకి పంపారు. పరదా దిగింది. ఆవిడ పాత గొట్టం బయటికి తీసింది. పొడుగునా చీలి ఉంది. "దీనికి లోపల గుడ్డ పొర ఉన్న మందం గొట్టం కావాలండి. ఇక్కడ దొరకదు, బెజవాడ నుంచి తెప్పించాల" అని మొగుడితో అంది.

మోతుబరి తిరిగొచ్చి ఆ మాట వినగానే ఎగిరాడు. "రేపటికి కావాలయ్యా నాకు! ఆ గట్టు తగాదావాడేమో ఎదురుగా నిలబడి చూస్తుంటే నేను బస్సు దిగి కోర్టుకి నడిచిపోనా?"

మెకానిక్కు మూల వెతికి ఒక పైపు తీశాడు. నీళ్ళు పోయే రబ్బరు పైపు, పల్చటిది. "ఇది సరిపోద్దిలెండి" అన్నాడు.

అప్పుడు ఆవిడ పరదా తప్పించుకుని బయటికొచ్చింది. గాజులు ఇంకా మా గోడ మీదే ఉన్నాయి. ఎప్పుడూ ఏ బండివాళ్ళ ముందుకీ రాని మనిషి, మోతుబరి ముందు నిలబడింది.

"అయ్యగారూ, ఆ పైపు వద్దండి. అది నీళ్ళు తోసే పైపు. దీనికి పీల్చేది కావాల. చల్లగా ఉన్నంతసేపు బానే ఉంటది. ఇంజను కాగాక మెత్తబడి అతుక్కుపోద్ది. బ్రేకు పడదండి."

ఆయన ఆవిడ వైపు చూడలేదు. ఆవిడ మొగుడి వైపు చూశాడు.

"ఏమయ్యా, మీ ఇంట్లో మెకానిక్కు ఎవరు?"

ఎదురుగా టీకొట్టు దగ్గర కూచున్నవాళ్ళు నవ్వారు. ఆ నవ్వే అంతా చేసింది. మెకానిక్కు పెళ్ళాన్ని ఫెడీమని చెంప మీద కొట్టాడు. తర్వాత పరదా చేత్తో ఎత్తి తాడుకి చుట్టేశాడు. "మీరు కూచోండయ్యా, నేనే వేస్తా" అన్నాడు.

మోతుబరి కుర్చీ వేయించుకుని కూచున్నాడు. ఆయన కళ్ళముందే మెకానిక్కు ఇంజను పైసామానంతా ఒక్కొక్కటే విప్పి కింద పెట్టుకున్నాడు. పొద్దుగూకేదాకా పట్టింది. వేళ్ళ కణుపులు చీరుకుపోయాయి.

ఆవిడ మా వంటింటి గడపలో కూచుంది. చెంప మీద వేళ్ళు తేలి ఉన్నాయి. నేను మంచినీళ్ళిచ్చాను. తాగింది. "ఆ పైపు కోసినప్పుడు విన్నారా టీచరుగారూ? ఎంత మెత్తగా తెగిందో" అంది. అంతే.

పొద్దున్నే ఆ కారు మా వీధిలోంచి హారన్ కొట్టుకుంటూ పోయింది. మెకానిక్కు గోడ మీంచి మాకు వినపడేటట్టు అరిచాడు. "మలుపులో ఎలా ఆగిందో చూశావా? బ్రేకు పడదంట, బ్రేకు!"

ఎండలు ముదిరిన రోజులు. కోర్టు అయ్యాక మిట్టమధ్యాహ్నం మోతుబరి నందిగామలో బయల్దేరి హైదరాబాదు రోడ్డు మీద బాగా తోలుకొచ్చాడు. చిల్లకల్లు దగ్గర పేట రోడ్డులోకి తిరగబోతే బ్రేకు రాయిలా బిగుసుకుపోయి, ఎంత తొక్కినా పడలేదు. పాలు పోసుకునే అతనొకడు ఖాళీ క్యాన్లు కట్టుకుని సైకిలు మీద ఇంటికి పోతున్నాడు. కారు అతన్ని తోసుకుంటూ వెళ్ళి కల్వర్టుకి గుద్దుకుని ఆగింది. మోతుబరికి నుదురు చిట్లింది. సైకిలతను అక్కడికక్కడే పోయాడు.

నేను బడి నుంచి వచ్చేసరికే పేటంతా ఒకటే మాట. "ఆ బండికి ఆడది చెయ్యి పెట్టిందంట. అందుకే."

ఎంత త్వరగా పుట్టిందో ఆ మాట! ఇన్నేళ్ళూ పరదా వెనక ఏం జరుగుతుందో తెలిసి కూడా ఎవరూ అనని మాట, ఒక్క సాయంత్రంలో అందరి నోటా వచ్చింది. ఆవిడ చేత్తో బాగుపడిన బండ్ల మీద తిరిగినవాళ్ళే, "ఆడమనిషి చేస్తుందని మాకేం తెలుసండీ? తెలిస్తే ఇస్తామా?" అని ఆశ్చర్యపోయారు.

కేసూ గీసూ లేకుండా పెద్దమనుషులు మోతుబరి ఇంటి ముందు కూచున్నారు. ఆవిడ నా దగ్గరికొచ్చి, "నా పక్కన నిలబడతారా టీచరుగారూ?" అంది. వెళ్ళాను.

మెకానిక్కు తల వంచుకుని చెప్పాడు. "బెజవాడ నుంచి పైపు తెప్పిద్దామన్నానండి. నేను అటెళ్ళినప్పుడు అది చెయ్యి పెట్టేసింది."

"అవును. నేను చూశా" అన్నాడు మోతుబరి, నుదుటి కట్టు సర్దుకుంటూ.

నేను లేచాను. "అబద్ధమండీ. ఈయన కుర్చీలో కూచుని ఉండగా వాళ్ళాయనే వేశాడు. ఈవిడ వద్దని చెప్తే చెంప మీద కొట్టాడు. నేను గోడ దగ్గరే ఉన్నాను" అన్నాను.

అక్కడ పెద్దమనిషిగా కూచున్న, షెడ్డుకి తన జీపు తెచ్చే ఆసామి ఒకాయన నా వైపు మర్యాదగా చూశాడు. "టీచరుగారూ, పిల్లలకి పాఠాలు చెప్పుకునేవారు, మీకెందుకండీ ఈ తలకాయనొప్పి? కూచోండి."

అప్పుడు ఆవిడ మాట్లాడింది. గొంతు పెంచలేదు.

"ఇన్నేళ్ళూ నేను చేసిన బండ్లన్నీ ఆయన చేశాడన్నారు. ఆయన చేసిన ఈ ఒక్క బండి మాత్రం నేను చేశానంటున్నారు."

ఎవరో కిసుక్కున నవ్వారు. "నోరుందే!" అన్నారు.

"నోటి మాట వద్దండి. చూపిస్తా" అంది ఆవిడ. "నేను కళ్ళతో చూసి చెయ్యను. చెయ్యి కిందనుంచి పంపి బిగిస్తా. నా క్లిప్పుకి స్క్రూ తల కిందికి ఉంటది. ఆయన సామాను విప్పి పైనుంచి బిగించాడు. తల పైకి ఉంటది. మీ జీపుకి పోయినేడు వేసింది నేనే. రెండూ ఎత్తి చూడండి."

ఒక్కరూ లేవలేదు. కారు పక్కనే ఎడ్లకొట్టంలో ఉంది, ముక్కు నలిగిపోయి. ఆవిడే నడుచుకుంటూ వెళ్ళింది. వంగిపోయిన బానెట్టు రెండు చేతులతో పట్టి లాగి ఎత్తింది. తర్వాత జీపుదీ ఎత్తింది. అప్పటికి ఒకరి తర్వాత ఒకరు లేచి వచ్చి తొంగిచూశారు. కార్లో క్లిప్పు తల పైకి మెరుస్తూ కనపడుతోంది. దాని పక్కన ఆ పైపు, తొక్కేసిన తాటాకులా అణిగిపోయి ఉంది. జీపులో స్క్రూ తల ఎంత వంగినా కనపడలేదు. ఒకతను చెయ్యి దూర్చి తడిమి, "కిందికే ఉంది" అన్నాడు.

అందరూ చూశారు. నేనూ చూశాను. ఇంక చెప్పడానికేముంది అనుకున్నాను. చిన్నదాన్ని. కళ్ళకి కనపడితే చాలు, ఒప్పుకుంటారనుకున్నాను.

జీపు ఆసామి తన బానెట్టు తనే దించి, కండువాతో చేతులు తుడుచుకున్నాడు.

"సరేనమ్మా, చూశాం. ఎవరి చెయ్యైతే ఏముంది, ఒక ఇంట్లో చేతులేగా? మొగుడి పరువు పదిమందిలో తీసి నువ్వు బావుకునేదేంటి?" అన్నాడు. తర్వాత అందరి వైపు తిరిగి తీర్పు చెప్పాడు. చనిపోయినతని ఇంటికి కారువాళ్ళూ షెడ్డువాళ్ళూ ఏదో కొంత ఇవ్వాలి. ఈవిడ ఇంకెప్పుడూ బండి మీద చెయ్యి వెయ్యకూడదు. మోతుబరి మీద ఏ మాటా రాలేదు. కాఫీలొచ్చాయి. మేమిద్దరం తాగకుండా వచ్చేశాం.

కొన్నాళ్ళకి ఆవిడే అడిగింది, చిల్లకల్లు వెళ్దాం వస్తారా అని. ఎందుకని నేను అడగలేదు. బస్సులో వెళ్ళాం. పాలతని ఇల్లు చూపించారు. పూరిల్లు. వెనక బావి పక్కన చిన్న మడిలో ఉల్లినారు. అతని భార్య బర్రెకి చొప్ప వేస్తోంది. మమ్మల్ని చూసి, ఆవిడ చేతుల వైపు చూసి, చొప్ప కింద పడేసింది.

"నువ్వేనంటగా" అంది.

"నేను కాదమ్మా. నేను కాదని చెప్పుకోడానికి రాలేదు. ఎట్లా జరిగిందో నీకెవరన్నా చెప్పారా?"

"ఎవరు చెప్తారు? రాసిపెట్టి ఉందన్నారు. అందరూ అదే అన్నారు."

ఆవిడ మడి దగ్గరికి వెళ్ళి ఒక ఉల్లికాడ తుంచింది. ఒక కొన వేలితో మూసి, రెండో కొన నోట్లో పెట్టుకుని గాలి పీల్చింది. కాడ చప్పున అణిగి అతుక్కుపోయింది. పాలతని భార్య దగ్గరికొచ్చి చూసింది. ఇంకో కాడ తనే తుంచి, తనూ నోట్లో పెట్టుకుని పీల్చింది. అదీ అతుక్కుపోయింది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"ఇంతేనా?"

"ఇంతే. మందంగా ఉండాల్సింది పల్చగా వేశారు. బ్రేకు పడలా."

"ముందే తెలుసా?"

"తెలుసు. చెప్పా."

"ఎవరికి?"

"కారాయనకే. ఎదురుగా నిలబడి చెప్పా."

పాలతని భార్య ఆ కాడ నలిపి పడేసింది. నోట్లో ఉల్లిఘాటుకో, ఇంకెందుకో, కళ్ళవెంట నీళ్ళు కారాయి. రోడ్డు వైపు తిరిగి థూ అని ఉమ్మింది. లోపలికెళ్ళి ఇద్దరికీ చెరో చెంబు నీళ్ళు తెచ్చిచ్చింది. "ఎండగా ఉంది, బస్సొచ్చేదాకా ఇక్కడ కూచోండి" అంది.

వానలు పడకముందే పేట పెద్దమనుషుల తీర్పు పాతబడింది. జీపులకి గొట్టాలు పగలడం మానవు కదా. బండివాళ్ళు మళ్ళీ వచ్చారు. టీ తాగి రమ్మంటే ఏమీ ఎరగనట్టు వెళ్ళారు. జీపు ఆసామి కూడా వెళ్ళాడు. పరదా దిగింది. "ఏమేవ్!" అని కేక వినపడింది.

ఆవిడ వెళ్ళలేదు.

ఆయన లోపలికొచ్చి తిట్టాడు, బతిమాలాడు, కర్ర తీశాడు. ఆవిడ కుడిచెయ్యి ముందుకు చాపింది. "కొడితే దీని మీద కొట్టండి. మీకు దీంతోనేగా పని" అంది. ఆయన కర్ర దించేశాడు. ఆ చెయ్యి మీద ఒక్క దెబ్బా వెయ్యలేకపోయాడు. వీపు మీద మాత్రం వేశాడు.

ఆ వేసవికి నాకు నందిగామ బదిలీ అయింది. తర్వాత కొంతకాలానికి ఆవిడా నందిగామ వచ్చేసింది. ఆయన పంపేశాడనీ అన్నారు, ఈవిడే వచ్చేసిందనీ అన్నారు. నేను అడగలేదు. ఒక గది తీసుకుని మిరపకాయల గోడౌన్లో తొడిమలు తీసే పనికి చేరింది. సెలవురోజున మా ఇంటికొచ్చేది. మంటకి చేతులు ఎర్రగా పొంగి ఉండేవి. కొబ్బరినూనె రాస్తానంటే, "వద్దండి, అలవాటైపోయింది" అనేది.

ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. పిల్లని చూడ్డానికి వెళ్ళినప్పుడు పాటా అడగలేదట, చదువూ అడగలేదట. చేతులు చాపమని చూశాడట. పేట నుంచి వచ్చినవాళ్ళు ఈ సంగతి నవ్వుతూ చెప్పారు. ఆవిడకి నేను చెప్పలేదు. ఎలాగో తెలిసింది.

ఎనభైల్లో ఒక ఆదివారం పొద్దున, ఆవిడ మా ఇంట్లో ఉండగా ఒక పిల్ల వెతుక్కుంటూ వచ్చింది. ఇరవై ఏళ్ళుంటాయేమో. కుడి ముంజేతి మీద కాలిన మచ్చలు, పాతవీ కొత్తవీ. గుమ్మంలోనే నిలబడి, "అక్కా, నేను పేట నుంచి..." అని ఆగిపోయింది. ఎవరో మాకు అర్థమైంది.

ఆవిడ ఆ పిల్ల చెయ్యి పట్టుకుని తిప్పి చూసింది. "ఇంజను చల్లారకుండానే పెట్టమంటున్నాడా?"

"అవునక్కా. నాకు రావట్లేదు. రాకపోతే కొడుతున్నాడు. నీకు వచ్చంటగా, చెప్తావా?"

ఆవిడ నా వైపు తిరిగింది. "నేర్పకపోతే రోడ్డు మీద పోయేవాళ్ళ ప్రాణాలు పోతాయి. నేర్పితే ఇది నాలాగే అవుద్ది. ఏం చెయ్యమంటారు టీచరుగారూ?" అని నన్నడిగింది.

చివరికి తనే మా ఇనప బీరువా కాస్త జరిపించింది. దానికీ గోడకీ మధ్య సందులో ఒక మేకు కొట్టింది. ఆ మేకుకి రబ్బరు పైపు ముక్క తొడిగింది. ఆ పిల్ల ఆ ఆదివారమంతా బీరువాకి చెంప ఆనించి తడుముకుంది. "వేలి కొసతో కాదే, పక్కతో చూడు. గుంజకు. అదే వస్తది" అని పక్కన నిలబడి చెప్పింది ఆవిడ. సాయంత్రానికి ఆ పిల్ల పైపు తీసి మళ్ళీ పెట్టగలిగింది. సంబరంగా నవ్వింది. ఆవిడ నవ్వలేదు.

బస్సు దగ్గరికి పంపుతూ ఒక్కటే చెప్పింది. "సామాను మంచిదైతేనే చెయ్యి పెట్టు. చెడ్డదైతే పెట్టకు. చంపినా పెట్టకు."

తర్వాతి ఆదివారం ఆ పిల్ల మళ్ళీ వచ్చింది. కింది పెదవి చిట్లి వాచి ఉంది. చేతి మీద మాత్రం కొత్త మచ్చలు లేవు.

"పైపు బాగాలేదక్కా. నీళ్ళపైపు తెచ్చాడు. పెట్టనన్నా" అంది. మెచ్చుకుంటుందేమోనని ఆవిడ మొహంలోకి చూసింది.

"మరి ఆ బండి?"

"ఆయనే అన్నీ విప్పుకుని వేశాడు. పొద్దున తీసుకుపోయారు."

"ఏ బండి? ఎవరిది? ఎటు పోయింది?"

"ఏమో అక్కా, నాకు తెలియదు. వ్యానేదో. నిండా జనమున్నారు. ఇటే వచ్చింది, బెజవాడ వైపు. దార్లో టిఫిన్లకి ఆగుతామన్నారు."

మా ఇల్లు హైదరాబాదు రోడ్డుకి దగ్గర. ఎండ అప్పుడప్పుడే ఎక్కుతోంది. ఆవిడ అలాగే, కాళ్ళకి చెప్పులు కూడా లేకుండా, గబగబా రోడ్డు మీదికి వెళ్ళింది. ఆ పిల్లా, నేనూ వెనకాల వెళ్ళాం. లారీలు, బస్సులు, వ్యాన్లు పోతున్నాయి. జనంతో ఉన్న వ్యాను కనపడితే చాలు, చెయ్యెత్తి ఆపమని కేక వేసింది. ఒక్కడూ ఆపలేదు. ఒక డ్రైవరు వేగం తగ్గించి, తల బయటపెట్టి, "ఎక్కడికమ్మా? ఖాళీ లేదు!" అని అరిచి పోయాడు.